దొంగే కదా మేడమ్? (చట్టం ముందు మనం – 7)



ఈ వారం అసైన్డ్ భూముల గురించి రాస్తానని పోయిన భాగం చివర మాట ఇచ్చాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను. మా క్లాసులో ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి.

సోమవారం రెండో పీరియడ్. బీఏ రెండో సంవత్సరం పిల్లలకు కలేకూరి ప్రసాద్ ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ చెబుతున్నాను. వెనక బెంచీలో ఇద్దరు ఫోను చూస్తున్నారు. దగ్గరికి పోయి అడిగితే దాచకుండా చూపించారు. ఎక్కడిదో తెలియని వీడియో. కరెంటు స్తంభానికి ఒక మనిషిని తాళ్ళతో కట్టేశారు. ఒంటి మీద చొక్కా లేదు. ఒకడు కర్రతో కొడుతున్నాడు, ఒకడు చెప్పుతో. మిగతావాళ్ళు ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు. రాగి తీగ కోసం బోరు మోటారు కేబుల్ కోశాడట, అదీ నేరం.

“ఇట్లా కొట్టొచ్చా?” అన్నాను.

“దొంగే కదా మేడమ్?” అన్నాడు వాడు. అని ఊరుకోలేదు. “మన ఆస్తి ఎత్తుకుపోయేవాణ్ణి చంపినా కేసు నిలవదంట మేడమ్. ఆత్మరక్షణ అంట కదా.”

ఆ పిల్లవాడు ఎవరో కాదు, మన వాడ పిల్లవాడే. నాకు రెండు రోజులు నిద్ర లేకుండా చేసింది అదే. బోర్డు మీద నేను రాసిన కవిత ఏ మనిషి చావును గుర్తు చేస్తోందో, వాడి చేతిలోని వీడియోలో ఉన్నది ఏమిటో, రెండూ ఒకటేనని వాడికి తట్టలేదు. అంటే నేను సరిగా చెప్పలేదని అర్థం. అందుకే ఇది రాస్తున్నాను.

*

ముందు ఆ చావు సంగతి. 1968లో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం అంటగట్టి కట్టేసి, కిరసనాయిలు పోసి సజీవంగా తగలబెట్టారు. ఆ మాట పార్లమెంటు దాకా పోయింది. కలేకూరిదీ ఆ కంచికచర్లే. ఆయన కవితలో కోటేశు రావడం వెనక ఆ ఊరి మట్టి ఉంది.

నా పీహెచ్‌డీ దళిత కవిత్వం మీద. నాలుగేళ్ళు ఆ కవితలతోనే బతికాను. కోటేశు పేరు ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. కానీ ఒక్కసారి కూడా నేను అడగని ప్రశ్న ఒకటుంది. కోటేశు నిజంగానే దొంగతనం చేశాడే అనుకుందాం, అప్పుడు చట్టం ఏమంటుంది? మనం ఎప్పుడూ “అతను దొంగ కాదు” అని వాదించే అలవాటులో ఉన్నాం. అది నిజమే కావచ్చు. కానీ ఆ వాదనలో ఒక ప్రమాదం ఉంది. దొంగ అయితే చంపవచ్చని మనకు తెలియకుండానే ఒప్పేసుకుంటున్నాం. నా విద్యార్థి నోట్లోంచి వచ్చింది మనం ఒప్పుకున్న ఆ మాటే.

*

ఆస్తి కోసం ప్రాణం తీయవచ్చా? ఈ ప్రశ్న పాతది. దీనికి ఈ నేల మీద వేర్వేరు కాలాల్లో వేర్వేరు జవాబులు వచ్చాయి.

ధర్మశాస్త్రాల జవాబు అందరికన్నా సులువైనది. వసిష్ఠ ధర్మసూత్రం ఆరుగురిని ఆతతాయిలని లెక్కేస్తుంది. నిప్పు పెట్టేవాడు, విషం పెట్టేవాడు, ఆయుధంతో మీదికొచ్చేవాడు, ధనం దోచేవాడు, పొలం ఆక్రమించేవాడు, పరుడి భార్యను ఎత్తుకుపోయేవాడు. ఆతతాయిని చంపితే దోషం లేదని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. అంటే ధనం, పొలం కోసం కూడా చంపవచ్చు. మరి ఎవరి ధనం, ఎవరి పొలం? అదే ఎనిమిదో అధ్యాయం శూద్రుడి సొత్తును బ్రాహ్మణుడు సంకోచం లేకుండా తీసుకోవచ్చంటుంది. పదో అధ్యాయం శూద్రుడికి శక్తి ఉన్నా ధనం కూడబెట్టకూడదంటుంది. ఇక పంచముడి మాట చెప్పేదేముంది? ఆస్తి ఉండే హక్కు ఎవరికి ఉందో, దాన్ని కాపాడుకునే పేరుతో చంపే హక్కూ వాళ్ళకే ఉంది. మనకు మిగిలింది దొంగ అనిపించుకోవడం.

కంపెనీ పాలన వచ్చాక ఇది మారిందా? మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1816 నాటి మద్రాసు రెగ్యులేషన్ XI గ్రామ పెద్దలకు చిన్నచిన్న తప్పులకు శిక్ష వేసే అధికారం ఇచ్చింది. తప్పు చేసినవాడు పై కులస్థుడైతే గ్రామ చావడిలో కొన్ని గంటలు కూర్చోబెట్టాలి. ‘కింది కులాల’ వాడైతే ఆరు గంటల దాకా బొండలో వేయవచ్చు. బొండ అంటే రెండు దుంగల మధ్య కాళ్ళు బిగించే కొయ్య. తర్వాత చిల్లర దొంగతనాలను కూడా గ్రామ పెద్దల అధికారంలోకి తెచ్చారు. తప్పు ఒకటే, శిక్ష మాత్రం కులాన్ని బట్టి. ఇది ఊరి ఆచారం కాదు, తెల్లవాడు అచ్చు వేయించిన చట్టం. ఆ కొయ్యకూ వీడియోలోని కరెంటు స్తంభానికీ మధ్య ఉన్న చుట్టరికం నేను మీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. ఎరుకల వంటి కులాలు పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. 1952లో ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం రద్దు కాలేదు.

*

ఇప్పుడు అసలు చట్టం దగ్గరికి వద్దాం.

మెకాలే నాయకత్వంలోని లా కమిషన్ 1837లో శిక్షాస్మృతి ముసాయిదా ఇచ్చింది. ఆత్మరక్షణ హక్కు మీద రాసిన వివరణలో మెకాలే బృందం ఒక ఆసక్తికరమైన మాట అంటుంది. ఈ దేశ ప్రజలు దోపిడీ ముఠాల ముందు, దౌర్జన్యం ముందు మరీ ఎక్కువగా ఓర్చుకుంటున్నారు, వాళ్ళలో ఎదిరించే తత్వాన్ని అణచడం కన్నా ప్రోత్సహించడమే మేలు అని దాని సారాంశం. అంటే వాళ్ళు ఈ హక్కును ఉదారంగానే ఇవ్వాలనుకున్నారు. అంత ఉదారంగా ఇవ్వాలనుకున్నవాళ్ళు కూడా ఆస్తి దగ్గరికి వచ్చేసరికి గట్టి గీత గీశారు.

1860లో ఆమోదం పొంది 1862 జనవరి 1 నుంచి అమలైన ఐపీసీలో 96 నుంచి 106 వరకు సెక్షన్లు దీని గురించే. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవే 34 నుంచి 44 వరకు ఉన్నాయి. అంకెలు మారాయి, విషయం దాదాపు అదే.

మన ఆస్తినే కాదు, ఇతరుల ఆస్తిని కూడా దొంగతనం, దోపిడీ, ధ్వంసం, చొరబాటు నుంచి కాపాడటానికి బలం వాడవచ్చు. ఇది మొదటి మాట. నా విద్యార్థి విన్నది ఇంతవరకే. వాట్సాప్‌లో తిరిగేదీ ఇంతవరకే. తర్వాతి మాటలు ఎవరూ పంపరు.

ఆ బలం ప్రాణం తీసే దాకా ఎప్పుడు పోవచ్చు? పాత 103వ సెక్షన్, ఇప్పటి 41వ సెక్షన్, నాలుగే సందర్భాలు చెబుతుంది.

ఒకటి, దోపిడీ. దొంగతనం వేరు, దోపిడీ వేరు. మెడ మీద కత్తి పెట్టి గొలుసు లాక్కుంటే దోపిడీ. చాటుగా జేబు కొడితే దొంగతనం. మనిషి మీద అప్పటికప్పుడు దౌర్జన్యమో, దాని భయమో ఉండాలి.

రెండు, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి లోపలికి రావడం. కొత్త చట్టంలో దీన్ని సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అని రాశారు. పగలూ రాత్రీ అన్న ఈ తేడా చాలా పాతది. మా అమ్మమ్మలా బైబిలు చదివేవాళ్ళు నిర్గమకాండం 22వ అధ్యాయం మొదట్లో చూడండి. రాత్రి కన్నం వేస్తూ దొరికిన దొంగ దెబ్బ తిని చస్తే కొట్టినవాడికి రక్తాపరాధం లేదు, ప్రొద్దు పొడిచాక అయితే ఉంది. చీకట్లో వచ్చినవాడు దేనికొచ్చాడో తెలియదు, సాయానికి ఎవరూ రారు. వెలుగులో ఆ సాకు లేదు.

మూడు, మనుషులు ఉండే ఇంటికి గానీ, సరుకు దాచే చోటుకు గానీ నిప్పు పెట్టడం. ఇక్కడ చట్టం గుడారాన్ని కూడా పేరు పెట్టి చెప్పింది. మరి తాటాకు గుడిసె కూడా నివాసమే కదా! ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

నాలుగు, దొంగతనం, ధ్వంసం, ఇంట్లోకి చొరబాటు. అయితే ఇప్పుడు అడ్డుకోకపోతే ప్రాణమో, తీవ్ర గాయమో తప్పదన్న సహేతుకమైన భయం కలిగే పరిస్థితి ఉన్నప్పుడు మాత్రమే.

ఈ నాలుగింటిలో ఎక్కడా ఉత్త దొంగతనం లేదు. మామిడికాయలు కోశాడు, మోటారు వైరు కోశాడు, బియ్యం ఎత్తుకున్నాడు, చేలో అడుగుపెట్టాడు. వీటికి ప్రాణం తీసే హక్కు ఎవరికీ లేదు. తర్వాతి సెక్షన్ దీన్నే తిప్పి చెబుతుంది. ఈ నాలుగూ కాని సందర్భాల్లో, చావు తప్ప ఇంకేదైనా హాని, అదీ అవసరమైనంత మేరకే.

వీటన్నిటి పైన ఇంకో గీత ఉంది. పాత 99, కొత్త 37. పోలీసుల దగ్గరికి పోయే వ్యవధి ఉంటే ఈ హక్కే లేదు. అవసరానికి మించిన హాని చేసే హక్కు ఎప్పుడూ లేదు. పాత 105, కొత్త 43 ఈ హక్కు ఎప్పుడు ముగుస్తుందో చెబుతుంది. సొత్తు తిరిగి దొరికితే ముగుస్తుంది. దొంగ తప్పించుకుపోతే ముగుస్తుంది. పోలీసుల సాయం అందితే ముగుస్తుంది.

ఇప్పుడు ఆ వీడియో మళ్ళీ చూడండి. మనిషి దొరికాడు. తాళ్ళతో కట్టేశారు. కేబుల్ పక్కనే పడి ఉంది. ప్రమాదం ముగిసింది, సొత్తు దక్కింది, ఫోను చేతిలోనే ఉంది. ఆత్మరక్షణ అన్న మాట అక్కడ పుట్టే అవకాశమే లేదు. కట్టేసిన మనిషి మీద పడిన ప్రతి దెబ్బా నేరం. సామాన్యుడు పట్టుకున్న మనిషిని అనవసర ఆలస్యం లేకుండా, ఎంత ఆలస్యమైనా ఆరు గంటల్లోపు, పోలీసులకు అప్పగించాలని కొత్త నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ చెబుతోంది. ఇక ఆ దొంగతనానికి శిక్ష ఏమిటో తెలుసా? 5 వేల రూపాయల లోపు సొత్తు అయి, మొదటిసారి శిక్ష పడుతున్నవాడై, సొత్తు తిరిగి ఇచ్చేస్తే కొత్త చట్టంలో శిక్ష సమాజ సేవ. కోర్టు ఊడ్చే పనో, మొక్కలు నాటే పనో చెప్పే నేరానికి ఊరు ఒళ్ళు చీరేస్తోంది.

*

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. పదిహేనేళ్ళు దాటింది. ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.

నేను డిగ్రీ చదివేటప్పుడు మా చిన్న మామయ్య చనిపోయాడు. గేదెకు గడ్డి కోసుకురావడానికి తెల్లవారుజామున పొలాల వైపు పోయాడు. ఒక ఆసామి మొక్కజొన్న చేనుకు అడవిపందులు రాకుండా చుట్టూ జీఐ తీగ కట్టి, లైనుకు కొక్కెం తగిలించి కరెంటు వదిలాడు. బోర్డు లేదు, గుడ్డ పీలిక కూడా కట్టలేదు. గట్టు దిగుతుంటే మామయ్య కాలు తీగకు తగిలింది. ఎండెక్కాక గానీ మాకు కబురు రాలేదు.

శవం పక్కన మా అమ్మమ్మ కూర్చుని ఉంటే పెద్దమనుషులు వచ్చారు. వాళ్ళు అడిగిన మొదటి మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. “మీవాడు అక్కడికి ఎందుకు పోయినట్టు?”

దానికి మా దగ్గర జవాబు లేదు. గడ్డి కోసం అంటే, ఎవరి గట్టు మీద గడ్డి అన్నారు. కంకులు విరవడానికే వచ్చాడేమో అని ఒకడన్నాడు. బతికున్నప్పుడు ఒక్కరోజు కూడా ఒకరి సొమ్ము ముట్టని మనిషి, చచ్చాక దొంగ అయ్యాడు. మా పెద్దవాళ్ళు తలలు దించుకున్నారు. సాయంత్రానికి రాజీ అయిపోయింది. కొంత డబ్బు ఇచ్చారు. కాగితాల్లో ప్రమాదవశాత్తు అని రాసుకున్నారు. ప్రాణం పోయిన నిర్లక్ష్యపు కేసు చట్టప్రకారం రాజీ పడదగ్గది కాదని నాకు అప్పుడు తెలియదు.

ఇంకొకటి కూడా తెలియదు. “అక్కడికి ఎందుకు పోయినట్టు?” అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1963లోనే జవాబు చెప్పేసింది. నేను పుట్టకముందు, మా అమ్మ కూడా పుట్టకముందు.

అది చెరూబిన్ గ్రెగరీ వర్సెస్ స్టేట్ ఆఫ్ బీహార్ కేసు. పక్కపక్క ఇళ్ళు. ఒక ఇంటి మరుగుదొడ్డి గోడ కూలిపోయింది. ఆ ఇంటివాళ్ళు పక్కింటి మరుగుదొడ్డి వాడుకోవడం మొదలుపెట్టారు. ఆయన వద్దన్నాడు. వాళ్ళు మానలేదు. అప్పుడాయన దొడ్డికి పోయే దారికి అడ్డంగా ఒక రాగి తీగ కట్టి, ఇంట్లోంచి కరెంటు ఇచ్చాడు. హెచ్చరిక ఏమీ పెట్టలేదు. 1959 జూలైలో ఆ పక్కింటి మనిషి, ఒక స్త్రీ, ఆ తీగ తగిలి చనిపోయింది.

కోర్టులో ఆయన వాదన మా ఊరి పెద్దమనుషుల వాదనే. ఆమె నా స్థలంలోకి అనుమతి లేకుండా వచ్చింది, నా ఆస్తిని నేను కాపాడుకున్నాను. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అనుమతి లేకుండా అడుగుపెట్టినంత మాత్రాన మనిషి చట్టం రక్షణ కోల్పోడని, స్థలం నీదే అయినా వచ్చినవాడికి హాని కలిగేలా ఉచ్చు పన్నకూడదని చెప్పి, నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం కింద పడిన శిక్షను ఖాయం చేసింది.

ఈ తీర్పులో ఇంగ్లండు కేసుల చర్చ కూడా ఉంది. అక్కడి చరిత్ర కూడా మన చరిత్రకు దూరంది కాదు. రెండు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండు భూస్వాములు తమ అడవుల్లో కుందేళ్ళు, పక్షులు వేటాడే పేదవాళ్ళ కోసం స్ప్రింగ్ గన్‌లు పెట్టేవాళ్ళు. తీగ తగిలితే తుపాకీ దానంతటదే పేలుతుంది. దొంగా, దారితప్పిన పిల్లవాడా అని దానికి తేడా తెలియదు. 1827లో అక్కడి పార్లమెంటు వీటిని నేరం చేసింది. రాత్రిళ్ళు ఇంటి లోపల పెట్టుకోవడానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. మనిషి ఎదురుగా నిలబడితే భయపడవచ్చు, ఆలోచించవచ్చు, ఆగవచ్చు. తీగకు అవేవీ చేతకావు. అందుకే తీగను ఆత్మరక్షణ అనలేం.

మా మామయ్య విషయంలో చివరి మాట ఒకటి. ఆ తీగలో పారింది మీటరు లేని కరెంటు. ఆ తెల్లవారుజామున ఆ చేలో దొంగతనం అంటూ ఒకటి జరిగి ఉంటే అది ఆ కరెంటు దొంగతనమే. ఆ మాట అనడానికి ఆ రోజు మాలో ఒక్కరికీ నోరు రాలేదు.

*

“అయితే దొంగ ఇంట్లో దూరితే సెక్షన్లు తిరగేస్తూ కూర్చోవాలా మేడమ్?” అని మీలో కొందరు అడుగుతారు. అక్కర్లేదు. చట్టం అంత గుడ్డిది కాదు. ఆపదలో ఉన్న మనిషి తన దెబ్బను తక్కెట్లో తూచి కొట్టలేడని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. జైదేవ్ కేసులో సుప్రీంకోర్టు అదీ చెప్పింది, దాంతోపాటు ఇంకోటీ చెప్పింది. అది పొలం దగ్గర జరిగిన గొడవ. ఎదుటివాళ్ళు పారిపోతుంటే తుపాకీతో కాల్చారు. భయం ఉన్నంతసేపే హక్కు, ఎదుటివాడు వెన్ను చూపాక హక్కు లేదు అని కోర్టు తేల్చింది.

మొహిందర్ పాల్ జాలీ కేసు కార్మిక సంఘాల్లో పనిచేసే మిత్రులు తప్పక చదవాలి. పంజాబ్‌లో ఒక ఫ్యాక్టరీ యజమాని. జీతాల కోసం కార్మికులు నినాదాలు ఇచ్చారు, ఇటుక ముక్కలు విసిరారు. ఆయన లోపలి నుంచి రివాల్వర్ పేల్చాడు. ఒక కార్మికుడు చనిపోయాడు. ఆస్తిని కాపాడుకునే హక్కు ఆయనకు ఉంది గానీ అది ప్రాణం తీసే దాకా పోదు అని చెప్పి సుప్రీంకోర్టు 304 సెక్షన్ కింద దోషిగా నిలబెట్టింది. ఇది హద్దు దాటిన ఆత్మరక్షణ. సదుద్దేశంతో మొదలై హద్దు దాటితే హత్య కాదు, అయినా నేరమే, జైలే.

ఇదే హక్కు మనకూ ఉందని మరిచిపోవద్దు. మున్షీరామ్ వర్సెస్ ఢిల్లీ అడ్మినిస్ట్రేషన్ కేసు చూడండి. ఏళ్ళ తరబడి కౌలుకు సాగు చేస్తున్న కుటుంబం. భూమి కాగితాల మీద వేరేవాళ్ళ చేతికి పోయింది. కొన్నవాళ్ళు ట్రాక్టరుతో దున్నడానికి వస్తే సాగుదారులు అడ్డుపడి కొట్టారు. సుప్రీంకోర్టు సాగుదారులనే విడిచిపెట్టింది. స్థిరంగా స్వాధీనంలో ఉన్నవాణ్ణి అసలు హక్కుదారుడైనా కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలి, బలంతో వస్తే ఎదిరించే హక్కు సాగుదారుడికి ఉంది అన్నది. చట్టం ముందు చూసేది పట్టాను కాదు, సాగును. పట్టా లేకుండా పోరంబోకులో, బంజరులో తాతల నాటి నుంచి దున్నుకుంటున్న మన కుటుంబాలకు ఇంతకన్నా పనికొచ్చే తీర్పు తక్కువ. 2012 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా లక్ష్మీపేటలో మడ్డువలస రిజర్వాయరు ముంపు భూముల్లో సాగు చేసుకుంటున్న దళితుల మీద దాడి చేసి అయిదుగురిని చంపారు. వాళ్ళు ఆ భూమిలో స్థిరంగా ఉన్న సాగుదారులు. ఎదిరించే హక్కు ఎవరిదో, దాడి ఎవరిదో చట్టం పుస్తకం తెరిస్తే తెలుస్తుంది.

ఇక గుడిసె సంగతి. నివాసానికి నిప్పు పెడితే ప్రాణం తీసే దాకా ఎదిరించవచ్చని చట్టం చెబుతోంది కదా. 1968 డిసెంబరు 25న తమిళనాడు కీళ్వెణ్మణిలో కూలి పెంచమన్న పాపానికి దళితుల గుడిసెకు నిప్పు పెట్టారు. లోపల తలదాచుకున్న 44 మంది కాలిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. 1973లో మద్రాసు హైకోర్టు భూస్వాములను విడిచిపెట్టింది. అంత ఆస్తీ పరువూ ఉన్నవాళ్ళు స్వయంగా నడిచివచ్చి ఇలాంటి పని చేశారంటే నమ్మశక్యంగా లేదన్నది. కోటేశుకు ఆస్తి లేదు కాబట్టి దొంగ అని వెంటనే నమ్మారు. వీళ్ళకు ఆస్తి ఉంది కాబట్టి హంతకులని నమ్మలేదు. రెండూ జరిగింది ఆ ఒక్క ఏడాదిలోనే.

చట్టంలోని ‘సహేతుకమైన భయం’ అన్న మాటలో మన పోరాటం ఉంది. ఎవరి భయం సహేతుకం? నల్లగా, మాసిన బట్టలతో ఉన్నవాడు కనబడితే కలిగే భయమా? 2018లో కేరళ అట్టప్పాడిలో మధు అనే ఆదివాసీని బియ్యం దొంగిలించాడని పట్టుకుని కట్టేసి కొట్టి చంపారు. ఆకలితో ఉన్న ఒక్క మనిషిని చూసి అంతమంది ఏం భయపడ్డారు? 2023లో కోర్టు 14 మందిని దోషులన్నది. అందులో 13 మందికి 7 ఏళ్ళు పడింది. కానీ హత్యగా కాదు, 304 రెండో భాగం కింద.

*

కార్యకర్తలుగా పనిచేసే మిత్రులు ఇలాంటి కబురు అందగానే స్టేషన్‌కు పోయేముందు ఈ ప్రశ్నలు రాసుకోండి.

ఆ క్షణాన ప్రమాదం ఉందా, ముగిసిందా? కట్టేశారా, పారిపోతుంటే కొట్టారా? గాయాలు వెనకవైపు ఉన్నాయా?

పోలీసులకు ఫోను చేసే వ్యవధి ఉందా? వీడియో తీసే తీరిక ఉందంటే ఫోను చేసే తీరిక కూడా ఉన్నట్టే. ఆ వీడియోను డిలీట్ కాకముందే దాచండి.

నాలుగు సందర్భాల్లో ఏది వర్తిస్తుందని వాళ్ళంటున్నారు? దొంగతనమే అంటే, ప్రాణభయం ఎక్కడ నుంచి వచ్చింది?

భూమి గొడవ అయితే, సాగులో ఉన్నది ఎవరు? అడంగల్, విత్తనాల రసీదు, ఇరుగుపొరుగు సాక్ష్యం. ఏది దొరికితే అది పట్టుకోండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో మనల్ని భూమి నుంచి గెంటేయడం ప్రత్యేక నేరమని గుర్తు పెట్టుకోండి.

ఆత్మరక్షణ అని వాళ్ళంటే, దాన్ని చూపించాల్సిన బాధ్యత వాళ్ళది. సాక్ష్య చట్టం చెప్పేది అదే. చచ్చినవాడు మంచివాడని నిరూపించే బాధ్యత మనది కాదు.

చివరిది, ఎఫ్ఐఆర్‌లో బాధితుడి కులం, నిందితుల కులం, వాళ్ళు తిట్టిన తిట్లు నమోదు చేయించండి. అయిదుగురో అంతకన్నా ఎక్కువమందో కలిసి కులం వంటి కారణంతో చంపితే న్యాయ సంహిత 103(2) మరణశిక్ష లేదా యావజ్జీవం అంటోంది. ‘దొంగ అనుకున్నాం’ అన్న మాట కింద కులాన్ని దాచేయడం వాళ్ళ మొదటి పని. దాచనివ్వకపోవడం మన మొదటి పని.

బుధవారం క్లాసులో ఈ సంగతులన్నీ చెప్పాను. మామయ్య సంగతి కూడా. ఆ పిల్లవాడు చాలాసేపు మాట్లాడలేదు. గంట కొట్టాక నా దగ్గరికి వచ్చి, “మేడమ్, ఆ వీడియోలో మనిషి బతికే ఉన్నాడా?” అని అడిగాడు. నాకు తెలియదన్నాను. ఎక్కడిదో కనుక్కుంటానని ఫోను జేబులో పెట్టుకుని పోయాడు.

ఆ ప్రశ్న మొదట అడగాల్సింది నేను. వాడే అడిగాడు.

వచ్చే వారం, ఇచ్చిన మాట ప్రకారం, అసైన్డ్ భూములు. మీ ఊళ్ళో తీగలు తగిలి పోయిన వాళ్ళ సంగతులు ఉంటే నాకు విడిగా రాయండి. ఎవరి పేరూ బయటపెట్టను.

జై భీమ్.